మూడుసార్లు పిలిచారట

మా ముందు ఇంకా ఇద్దరున్నారని మా అమ్మాయి చెప్పింది. చెప్పిందనే అనుకుంటున్నాను, నా ఎడమ పక్కన కూర్చుని రెండు వేళ్లు చూపించింది, పెదాలు కదిలాయి. ఎడమ వైపు నుంచి నాకు మాటలు రావు. అటువైపు ఎప్పుడూ వాన కురుస్తూ ఉంటుంది, ముప్పై ఒక్క ఏళ్లుగా అదే వాన, సన్నగా, తెరిపి లేకుండా, దూరంగా ఎక్కడో రేకుల కప్పు మీద పడుతున్నట్టు. మొదట్లో దాని మీద కోపం వచ్చేది, తర్వాత అలవాటైంది, ఈ మధ్య అది ఆగిపోతే నిద్ర పట్టదేమో అనిపిస్తోంది. కుడి పక్కన నిచ్చెన కూర్చున్నాడు. సైన్యంలో చేరిన మొదటి వారంలోనే వాడికి ఆ పేరు పెట్టాం, అంత పొడుగు. విరిగి అతికిన కాలు వంగదు కాబట్టి దాన్ని నడవాలోకి చాపుకుని కూర్చున్నాడు, వచ్చేపోయేవాళ్లు దాటుకుంటూ వెళ్తున్నారు, దాటిన ప్రతి మనిషికీ వాడు క్షమించండి అంటున్నాడు. ఆ క్షమాపణలు మాత్రం నాకు చక్కగా వినిపిస్తున్నాయి.

మూడో అంతస్తు. ఒక వైపు పొడుగునా కిటికీలు, ఇంకో వైపు తలుపులు, చివరి తలుపుకి గరుకు అద్దం. దాని వెనక మనుషులు నీటి అడుగున చేపల్లా మసకగా కదులుతున్నారు. ఉదయపు ఎండ నేల మీద పలకలు పలకలుగా పడి, ఎవరూ చూడనప్పుడు కొంచెం కొంచెం మా కాళ్ల వైపు జరుగుతోంది. నా ఒళ్లో ఫైలు ఉంది. అమ్మాయి మందుల షాపులో పనిచేస్తుంది, డాక్టర్ల గిలుకుడు రాతలన్నీ చదవగలదు, అందుకే నా పాత కాగితాల్లో కార్బను మరకలు తప్ప ఏమీ లేవని నేను వదిలేసిన పేజీల్ని కూడా ఆమె చదివి, తిరగరాసి, వాటికి రంగు చీటీలు అంటించింది. అన్నిటికన్నా అడుగున అసలు కాగితం. విడుదల రకం: అవాంఛనీయం. కారణం: ఆజ్ఞాధిక్కారం. నాకప్పుడు ఇరవై మూడేళ్లు. సైన్యం మనిషిని బయటికి పంపడానికి మూడు మాటలున్నాయి, పైన గౌరవప్రదం, మధ్యలో సాధారణం, అడుగున నాది. ఆ గరుకు అద్దం వెనక కూర్చున్న సమీక్ష బోర్డువాళ్లు ముగ్గురూ తలుచుకుంటే నా మాట మార్చగలరు. ఆజ్ఞాధిక్కారం అన్నది చూసినప్పుడల్లా నాకు లోపల కొంచెం నవ్వొస్తుంది. ఆ తర్వాత పనిచేసిన బట్టల మిల్లులో నన్ను అందరూ సరేగారు అనేవాళ్లు. ఎవరేం చెప్పినా సరే అనేవాణ్ణి, అందులో సగం వినపడక అన్న సరేలు. ఒకసారి అలాగే సరే అనేసి ఎవరిదో మేకపిల్లని నెల రోజులు ఇంట్లో సాకాల్సి వచ్చింది. మా ఆవిడ నాతో వారం మాట్లాడలేదు, ఆ తర్వాత ఆ మేకపిల్ల వెళ్లిపోయిన రోజు ఏడ్చింది.

ఎండ నా చెప్పు అంచు దాకా వచ్చింది. ఇంత ఎండ చూస్తే నాకు నది ఒడ్డు పోస్టు గుర్తొస్తుంది, అక్కడ ఎండే ఉండేది కాదు కాబట్టి. పొద్దున్నే లేచేసరికి లోకమంతా పాలు ఒలికినట్టు పొగమంచు, అవతలి గట్టు ఉందో లేదో తెలియదు, నది చప్పుడు మాత్రం ఉండేది. గట్టులోకి తవ్విన గది మా టెలిఫోను ఎక్స్చేంజి. పదకొండు మెట్లు దిగాలి, పైన దుంగలు, దుంగల మీద మట్టి, లోపల ఒక దీపం, ఇరవై లైన్ల స్విచ్‌బోర్డు. బోర్డు మీద ఎవరి దీపం వెలిగితే వాళ్ల కన్నంలో ప్లగ్గు పెట్టి పలకాలి, వాళ్లు అడిగినవాళ్లకి కలపాలి, ఎవరూ దొరక్కపోతే కబురు రాసుకోవాలి. నా జీవితంలో నాకంత ఇష్టమైన పని మళ్లీ దొరకలేదు. తీగ చివరి మనిషి మాట్లాడకముందే ఎవరో తెలిసిపోయేది, ఊపిరి తీసుకునే తీరుని బట్టి. అవతలి గట్టు పోస్టులో ఒకాయన మాట మొదలుపెట్టే ముందు రెండుసార్లు గొంతు సవరించుకునేవాడు, పెళ్లిచూపుల్లో పాట పాడమన్నట్టు. అతన్ని నేనెప్పుడూ చూడలేదు. ఇప్పటికీ ఎక్కడైనా ఎవరైనా అలా గొంతు సవరించుకుంటే నా చెయ్యి దానంతటది ప్లగ్గు కోసం వెతుకుతుంది.

చెవి యుద్ధంలో పోలేదు. చెప్పుకోవడానికి కూడా ఏమీ లేదు. సాధన మైదానంలో ఎవరో పాతిన పేలుడు మందు అంకెలు లెక్కపెట్టడం పూర్తి కాకముందే పేలింది, నేనప్పుడు బూటు తాడు కట్టుకోవడానికి వంగి ఉన్నాను, ఎడమ చెంప అటువైపు. ఒంటి మీద గీత కూడా పడలేదు. మూడు రోజులు ఈల, నాలుగో రోజు నుంచి వాన. తగ్గిపోతుందిలే అనుకున్నాను. నెల తిరక్కుండానే వైద్య పరీక్షలు వచ్చాయి, చెవి పనిచేయని ఆపరేటర్ని ఇంటికి పంపేస్తారు, లేదా గోదాములో బస్తాల దగ్గర పెడతారు. నిచ్చెన అప్పుడు మెడికల్ ఆర్డర్లీ, పరీక్షల రిజిస్టరు రాసేవాడు. చెవి పరీక్ష ఏమిటంటే, డాక్టరు మన వెనక దూరంగా నిలబడి గుసగుసగా ఒక మాట అంటాడు, రెండో చెవి మూసుకుని ఆ మాట తిరిగి చెప్పాలి. నిచ్చెన నాకెదురుగా రిజిస్టరు ముందు కూర్చున్నాడు. నేను అడగలేదు, వాడు చెప్పలేదు, కానీ వాడి పెదాలు కదిలాయి. తలుపు. తలుపు అన్నాను. తొంభై ఆరు. తొంభై ఆరు అన్నాను. నీలం. నీలం. గుర్రం దగ్గర గడ్డం అనబోయాను, వాడి కనుబొమలు నుదుటి మీదికి వెళ్లిపోయాయి, సర్దుకున్నాను. ఎడమ చెవి: బాగుంది, అని వాడి చేత్తో వాడే రాశాడు. ఆ సాయంత్రం పళ్లేలు కడుక్కునే చోట నన్ను మోచేత్తో పొడిచి, ఒరేయ్, ఇవాళ నీ చెవి నా మూతి మీదుంది అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. తప్పు చేశామని మాకిద్దరికీ తోచలేదు.

అమ్మాయి నా మోకాలి మీద చెయ్యి వేసింది, ఒక వేలు చూపించింది. ఇంకొక్కరు. లోపల్నుంచి ఇప్పుడే బయటికొచ్చిన ముసలాయన టోపీ చేత్తో పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు, ఆయన వెనక ఉన్న వెలుతురులో ఆయన అంచులు కరిగిపోయినట్టున్నాయి, నవ్వుతున్నాడో లేదో తెలియడం లేదు.

ఆ రోజు కూడా మనుషుల అంచులు అలాగే ఉన్నాయి. ఎగువన పది రోజులుగా వానలట, మాకు చినుకు లేదు, నది మాత్రం రంగు మారి, గొంతు మార్చుకుని, గట్టు ఎక్కుతోంది. ఉదయం ఏడున్నర. అవతలి గట్టు దీపం వెలిగింది, రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. మా చుట్టూ నీళ్లొచ్చేశాయి, పదకొండు మందిమి ఉన్నాం, పడవలు పంపండి అన్నాడు. నేను హెడ్‌ఫోను కుడి చెవికి నొక్కుకుని రాసుకుంటున్నాను, ఎంతమంది, ఎక్కడ, నడవలేనివాళ్లు ఎందరు, లైను మధ్యమధ్యలో మునిగి తేలుతోంది. నా వెనక, ఎడమ వైపు, మెట్లు. మెట్ల పైన గట్టు మీద కెప్టెన్ నిలబడి నన్ను పైకి రమ్మని మూడుసార్లు చెప్పారట. నాకు తెలిసింది మాత్రం ఇది: కాళ్లకి చల్లగా తగిలింది, బూట్లు ఎవరో ఉతికి తడిగా తెచ్చి తొడిగినట్టు అనిపించింది, పెన్సిలు ఆపలేదు, ఆ తర్వాత భుజం మీద ఒక చెయ్యి పడింది. నిచ్చెన. గట్టు మీద ఉన్న యాభై మందిలో నాకు వినపడదని తెలిసింది వాడొక్కడికే, అందుకే దూకాడు. నన్ను మెట్ల మీదికి తోశాడు, నేను పైకొచ్చాను, వెనక దుంగ కూలి వాడి కాలి మీద పడింది. వాణ్ణి తర్వాత తీశారు. రాసుకున్న కాగితం నా చేతిలోనే ఉంది. పడవలు వెళ్లాయి.

తొమ్మిది రోజుల తర్వాత గుడారంలో విచారణ. బల్ల వెనక ముగ్గురు, చివర కుర్చీలో కెప్టెన్. ఒకే ప్రశ్న. పిలిచినప్పుడు విన్నావా? వినలేదంటే తర్వాతి ప్రశ్న ఏమిటో నాకు తెలుసు, నీ చెవి బాగుందని రిజిస్టరులో ఉందే, ఎవరు రాశారు? రాసినవాడు ఆసుపత్రిలో కట్టుతో పడుకుని ఉన్నాడు, సాటి సైనికుణ్ణి కాపాడినందుకు వాడికి ప్రశంసాపత్రం వస్తోందని ముందు రోజే అందరూ చెప్పుకున్నారు, వాడింట్లో ఇద్దరు చెల్లెళ్లు వాడి మీదే ఆధారపడి ఉన్నారు. విన్నాను సర్, అన్నాను. విని ఎందుకు రాలేదు అన్నారు. కెప్టెన్ నా వైపు చాలాసేపు చూశారు. నేనది కోపమనుకున్నాను, తల దించుకున్నాను.

ఇంటికి వెళ్లేసరికి నాన్న కాజాలు కుడుతున్నాడు. మా నాన్న దర్జీ, చేరిన కొత్తలో నేను సెలవు మీద వచ్చినప్పుడు సైన్యం వాళ్లకి భుజం కొలవడం రాదని విసుక్కుంటూ నా యూనిఫాం విప్పేసి మళ్లీ కుట్టినవాడు. కాగితం ఆయన చేతికిచ్చాను. చదివాడు, మడతల మీదే మళ్లీ మడిచాడు, మెడలో టేపు సర్దుకున్నాడు, అన్నం తిన్నావా అన్నాడు. అంతే, ఆయన బతికున్నన్నాళ్లూ మరో మాట అడగలేదు. ఒక నెల పోయాక ఒక పొద్దున్న చూస్తే నా యూనిఫాం చొక్కా లేదు. దాన్ని కుట్లు విప్పి, అతికి, కుట్టు మిషనుకి ముసుగు చేశాడు. రోజూ పని అయిపోగానే మిషను మీద దాన్ని కప్పేవాడు, పొద్దున్నే తీసి జాగ్రత్తగా మడిచి పెట్టేవాడు. అది అవమానమో ఆప్యాయతో నాకు ఎప్పటికీ తెలియలేదు. అడిగితే చెప్పేవాడేమో. నేను అడగలేదు, మా ఇంట్లో ఎవరికీ అడిగే అలవాటు లేదు.

తర్వాత మరమగ్గాల మిల్లు. ఇరవై ఎనిమిదేళ్లు. రెండొందల మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే ఆ గదిలో దేవుడు మాట్లాడినా వినపడదు, అందరూ మూతులు చూసే మాట్లాడుకుంటారు, అక్కడ నేనూ అందరిలాంటివాణ్ణే. అందరికన్నా ఒక మెట్టు పైన కూడా, నాకు ముందే వచ్చు కదా. దారం తెగిందని, కండెలు తెమ్మని, సాయంత్రం వాళ్లింటికి రమ్మని, ఫలానావాడు ఫలానా అమ్మాయిని చూస్తున్నాడని, అన్నీ పెదాల మీదే. ఎగిరే నూలు పొగమంచులా ఉండేది, కిటికీ వెలుతురులో మెల్లగా దిగేది, కనురెప్పల మీద వాలేది, కొన్నిసార్లు మగ్గం ముందు నిలబడే నిద్రలోకి జారిపోయేవాణ్ణి, ఆ నిద్రలో నది ఉండేది, గట్టు మీద కెప్టెన్ ఉండేవారు, ఆయన నోరు తెరుచుకుని మూసుకునేది, ఇంతమంది మూతులు చదివినవాణ్ణి, ఆ ఒక్క మూతి మాత్రం కలలో కూడా చదవలేకపోయేవాణ్ణి. ఆయన తిడుతున్నారనే అనుకునేవాణ్ణి. రకరకాల తిట్లు నేనే అమర్చి చూసేవాణ్ణి, అన్నీ సరిపోయేవి.

మిల్లు మూతపడ్డాక ఇంట్లో చప్పుడు లేకపోయేసరికి నా గుట్టు బయటపడింది. మా ఆవిడ పొయ్యి దగ్గర్నుంచి పిలిస్తే పలకడం లేదని అమ్మాయి నన్ను చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ డాక్టరు గీతల కాగితం చూసి, ఈ చెవి నిన్నా మొన్నా పోయింది కాదు, ముప్పై ఏళ్ల కిందటిది, పెద్ద పేలుడు దగ్గర ఎప్పుడైనా ఉన్నారా అన్నాడు. అమ్మాయి నా వైపు తిరిగింది. బస్సులో అడిగింది, ఇంటికొచ్చాక అడిగింది, మర్నాడు మందుల షాపు నుంచి రాగానే చెప్పులు విడవకుండా అడిగింది. మా ఇంట్లో అడిగే అలవాటు ఆమెతోనే మొదలైంది. చెప్పేశాను. మా ఆవిడ మొత్తం విని, అయితే నా వంట బాగాలేక మీరు పలక్కుండా ఊరుకోవడం కాదన్నమాట, నేను అడిగేదే వినపడలేదన్నమాట అంది, ఆ తర్వాత కొంగుతో మొహం తుడుచుకుంటూ లోపలికెళ్లిపోయింది. అమ్మాయి నిచ్చెనకి ఉత్తరం రాసింది. ముప్పై ఏళ్లుగా మేమిద్దరం కలవలేదు, ఒకరి మొహం ఒకరం చూడలేక. జవాబు రాలేదు. వాడే వచ్చాడు, ఆ కాలుతో, రెండు బస్సులు మారి. గుమ్మంలో వంగి నిలబడి, ఎవరో ఒకరు అడుగుతారని చూస్తున్నాన్రా ఇన్నాళ్లూ అన్నాడు.

ఇప్పుడు అమ్మాయి లేచి నా కుడి పక్కకి వచ్చింది, నిచ్చెన కాలు దాటి నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పొద్దున బస్సులో చెప్పిందే మళ్లీ చెప్పింది. విచారణ కాగితాలన్నీ మాకివ్వలేదు, అవి బోర్డు దగ్గరే ఉంటాయట, కానీ పదకొండు మందిని పడవల్లో తెచ్చిన సంగతి పోస్టు డైరీలో ఉంది, ఆ కబురు రాసుకున్నది నేనే అని కూడా ఉంది.

"నాన్నా, వాళ్ల కోసమే ఉండిపోయానని చెప్పు. చెవి సంగతి చెప్పు, ఇది కూడా చెప్పు. పై మాటే ఇస్తారు. అందులో అబద్ధం ఏముంది, నువ్వు రాస్తూనే ఉన్నావు కదా."

సరే అన్నాను. ఈసారి వినపడే అన్నాను. అలవాటు. ఆమె మొహం వెలిగింది, అది చూసి నాకు కాళ్లలోకి నీళ్లు చేరినట్టయింది. గరుకు అద్దం తలుపు తెరుచుకుంది, నా నంబరు పిలిచారు, నిచ్చెన నా మోచెయ్యి పట్టుకుని లేచాడు, నేను వాణ్ణి లేపానో వాడు నన్ను లేపాడో.

లోపల అంత మసకేమీ లేదు. అద్దం వల్ల అలా కనబడిందంతే. ఒక పొడుగు బల్ల, నీళ్ల జగ్గు, ముగ్గురు మనుషులు. మధ్యలో రిటైరైన జడ్జిగారట, అరవై దాటిన పెద్దావిడ. ఒక పక్క డాక్టరు, ఇంకో పక్క యూనిఫాంలో ఒక ఆఫీసరు, నా కొడుకంత వయసు. నాకు ఎడమ చెవి వినపడదని అమ్మాయి చెప్పగానే పెద్దావిడ లేచి తన కుర్చీ తనే జరుపుకుని నా కుడి వైపుకి వచ్చి కూర్చుంది. డాక్టరు చెవి కాగితాలు చూశాడు, తలూపాడు. నిచ్చెనని అడిగారు. వాడు నిలబడే చెప్పాడు, కూర్చోమన్నా కూర్చోలేదు. రిజిస్టరులో రాసింది నేనే, పెదాలతో చెప్పింది నేనే, ఇతను నా కోసమే విన్నానన్నాడని ఆసుపత్రిలో ఉండగానే నాకు తెలిసింది, ప్రశంసాపత్రం తీసుకున్నాను, నోరు మూసుకున్నాను, ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకుంటే తీసుకోండి, తెచ్చాను అంటూ జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. ఆ కాగితం వాడి దగ్గర మడతలు పడలేదు, అట్టల మధ్య పెట్టి దాచుకున్నాడు.

పెద్దావిడ నా వైపు తిరిగింది. అదే ప్రశ్న. పిలిచినప్పుడు విన్నారా?

"వినలేదండీ."

ఇంత చిన్న మాట. బయటికి రాగానే ఎక్కడికో పోయింది, గదిలో ఫ్యాను తిరుగుతోంది, జగ్గులో నీళ్లు కొంచెం వణుకుతున్నాయి. యూనిఫాం ఆఫీసరు ముందుకి వంగాడు. అతని దగ్గర పోస్టు డైరీ ఉంది. అతని గొంతు మెత్తగా ఉంది, నాకు సాయం చేద్దామనే ఉంది, అది నాకు తెలుస్తూనే ఉంది.

"నీళ్లు కాళ్లకి తగిలాక కూడా మీరు లేవలేదు. అవతలి గట్టు మీద పదకొండు మంది ఉన్నారని మీకు తెలుసు. వాళ్ల కోసం ఉండిపోయారని మేం అనుకోవచ్చా?"

అమ్మాయి ఊపిరి బిగపట్టింది, అది నాకు ఎడమ వైపు నుంచి కూడా తెలిసింది. నేను ఆ గదిలోకి, ఆ గట్టులోకి, ఆ దీపం దగ్గరికి మళ్లీ వెళ్లాను. వెతికాను. పెన్సిలు ఉంది, గొంతు సవరించుకునే ఆ మనిషి ఉన్నాడు, నడవలేనివాళ్లు ఇద్దరు అంటున్నాడు, నేను ఇద్దరు అని రాస్తున్నాను. ధైర్యం ఎక్కడా లేదు. చల్లటి నీళ్లున్నాయి, నేను వాటిని పట్టించుకోలేదు, అంతే. పని చేసుకునేవాడికి చీమ కుట్టినా తెలియదు కదా, అలా. అవునంటే పై మాట నాది. కానీ ఇన్నేళ్లకి వినలేదన్న నిజాన్ని నోట్లోంచి తీసి బల్ల మీద పెట్టాక, దాని పక్కన ఇంకోటి పెట్టడానికి చెయ్యి రాలేదు.

"లేదు బాబూ. ప్రమాదమని తెలిసి ఉంటే లేచి పరిగెత్తేవాణ్ణేమో. నాకు తెలియదు. వినపడలేదు, రాసుకుంటున్నాను. అంతకన్నా ఏం లేదు."

అతను వెనక్కి ఆనుకున్నాడు. డాక్టరు కిటికీ వైపు చూశాడు. పెద్దావిడ మాత్రం ఫైలులో పేజీలు తిప్పి, అప్పట్లో కెప్టెన్‌గారి వాంగ్మూలం మీకు చదివి వినిపించారా అని అడిగింది. లేదన్నాను. విన్నానన్నవాడికి మళ్లీ వినిపించడం ఎందుకనుకుని ఉంటారు. ఆయన పోయి పదేళ్లయిందట. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, నా కుడి చెవికి అందేటట్టు, తొందర లేకుండా చదివింది.

"గట్టు మీద నిలబడి మూడుసార్లు చెప్పాను. మొదటిసారి, నీళ్లొచ్చేశాయి, పైకి వచ్చెయ్ అన్నాను. రెండోసారి, లైను పోతే పోనీ, మళ్లీ వేసుకుందాం, నువ్వు రా అన్నాను. మూడోసారి నేను అన్నది ఆజ్ఞ కిందికి వస్తుందో రాదో చెప్పలేను. బాబూ అని పిలిచాను."

ఆవిడ ఆపింది. ఇంకేమన్నా రాసుందేమోనని నేను ఎదురుచూశాను. అంతే ఉంది. గట్టు మీద పొగమంచులో ఆయన నోరు తెరుచుకుంటోంది, మూసుకుంటోంది, ఇప్పుడు పెదాలు చదవగలుగుతున్నాను, బా, బూ, రెండు పెదాలూ కలిసి విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి, మిల్లులో ఇంత తేలిక మాట ఎవరన్నా అంటే కళ్లు మూసుకుని పట్టేసేవాణ్ణి. ఆయనకప్పుడు ముప్పై ఉంటాయేమో. గుడారంలో నా వైపు చూసిన చూపు గుర్తొచ్చింది. బాబూ అని పిలిచినా రానివాడు ఎలాంటి మనిషో అర్థం కాక చూశారు. నేను తల దించుకున్నాను. ఒక్కసారి తల ఎత్తి ఉంటే. నిచ్చెన ఏడుస్తున్నాడు, పొడుగు మనిషి ఏడిస్తే ఆ పైనెక్కడో ఏడుస్తున్నట్టుంటుంది. నేను ఏడవలేదు. నాకు ఆ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకునే పని ఉంది.

బయట కూర్చోమన్నారు. ఎండ పలకలు గోడ ఎక్కాయి. ఎంతసేపు కూర్చున్నామో తెలియదు, ఆ మూడు మాటలు ఒకదాని తర్వాత ఒకటి వస్తున్నాయి, పైకి వచ్చెయ్, మళ్లీ వేసుకుందాం, బాబూ, ఒక్కోసారి వరస తప్పుతున్నాయి, మళ్లీ సర్దుకుంటున్నాయి. ఎడమ వైపు వాన కురుస్తూనే ఉంది. మళ్లీ పిలిచి నిలబెట్టి చెప్పారు. ఆజ్ఞాధిక్కారం కొట్టేశారు. విడుదల రకం సాధారణం అని మార్చారు. వైద్య పరీక్షలో మోసం జరిగింది కాబట్టి అంతకన్నా పైకి వెళ్లలేమని పెద్దావిడ అంది, ఆ మాట అంటున్నప్పుడు కాగితాల వైపు కాకుండా నా వైపే చూసింది. నిచ్చెన కాగితాన్ని వాడికే తిరిగిచ్చేసింది. దాని మీద నిర్ణయం చేసే అధికారం మాకు లేదు, అయినా మీరు దూకిన మాట నిజమే కదా అంది.

నడవాలోకి రాగానే అమ్మాయి అప్పీలు అంది. ఆరు నెలల్లో మళ్లీ పెట్టొచ్చు, లాయర్ని పెడదాం, ఆ ఆఫీసరు మన వైపే ఉన్నాడు, నువ్వు ఒక్క మాట అని ఉంటే అంది, అని ఆగిపోయింది. ఆమె చెయ్యి పట్టుకున్నాను. సాధారణం అన్న మాట నాకు బాగుందని చెప్పాను. నిజంగానే బాగుంది. రోడ్డు మీద పోయే పదిమందిలో ఒకడికి సరిపోయే మాట, భుజాలు మా నాన్న కొలిచి కుట్టినట్టుంది. అమ్మాయి నన్ను కోపంగా చూసింది, తర్వాత కోపం లేకుండా చూసింది, వాళ్లమ్మకి ఫోను చేయడానికి కిటికీ దగ్గరికి వెళ్లింది.

ఉత్తర్వు పోస్టులో వస్తుందని గుమస్తా చెప్పాడు. నాకు ఉత్తర్వు కాదు, కెప్టెన్‌గారి వాంగ్మూలం కావాలన్నాను. నకలుకి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి, రెండు నెలలు పడుతుంది అన్నాడు, నా మొహం చూశాడు, తలుపు వైపు చూశాడు, ఫైలు ఆ పేజీ దగ్గర తెరిచి నా వైపు తిప్పాడు. చూసి రాసుకోండి, ఫైలు మాత్రం నా చేతిలోనే ఉంటుంది అన్నాడు. ఒక తెల్ల కాగితం, పెన్సిలు కూడా తనే ఇచ్చాడు. బల్ల మూల మీద వంగి రాశాను. అక్షరాలు విడివిడిగా, గొలుసుకట్టు లేకుండా పడ్డాయి, ఎవరు చదివినా పొరపాటు పడకుండా రాయడం మాకు అలాగే నేర్పారు. నీళ్లొచ్చేశాయి, పైకి వచ్చెయ్. లైను పోతే పోనీ, మళ్లీ వేసుకుందాం, నువ్వు రా. బాబూ. రాయడం అయిపోయాక కూడా పెన్సిలు కాగితం మీదే ఉండిపోయింది. ఎక్స్చేంజిలో ఏ కబురు రాసుకున్నా కింద వేళ వేసి, చేరినట్టు ఒక మాట రాసి, సంతకం పెడితేనే ఆ కబురు పూర్తయినట్టు. గోడ గడియారం చూశాను. పదకొండు గంటల నలభై నిమిషాలు. వేళ వేశాను. అందింది అని రాశాను. సంతకం పెట్టాను.